పట్టాలు తప్పిన బండి, ప్రాణము దక్కిన డ్రైవరు



సికింద్రాబాదు నుండి కాజీపేట దిక్కునకు పోవు బండిలో కూర్చున్నవారికి, నగరము కొంత వెనుకబడగానే మౌలాలి గుట్ట కానవచ్చును. కుతుబ్‌షాహీల కాలమునుండి దానిపై హజ్రత్ అలీ పేర వెలసిన దర్గా కలదు. ఊరికి పేరు వచ్చినది దానివలననే. గుట్ట క్రింద మరియొక లోకము. అచ్చట ఇంజనుల షెడ్డు కలదు, రైల్వే ఉద్యోగులకు శిక్షణ నిచ్చు విద్యాలయము కలదు, సికింద్రాబాదు స్టేషనును తాకకుండ సనత్‌నగరు వైపు మరలిపోవు గూడ్సుబండ్ల మార్గము కలదు. పైన యాత్రికులు మెట్లెక్కుచుండగా క్రింద డ్రైవర్లు ఇంజనులెక్కుచుందురు.

ఆ డ్రైవర్లను గూర్చి, అందును వారికి సంభవింపగల ఒక్క ఆపదను గూర్చి నేడు చెప్పదలచితిని. గూడ్సుబండి పట్టాలు తప్పినది. డబ్బాలు ఒకదానిపై నొకటి పడినవి. ఇంజనులోని డ్రైవరు మాత్రము ప్రాణముతో మిగిలినాడు. తరువాత ఏమి? మనము సాధారణముగా కథను అచ్చటనే ముగించి, దేవుడు కాపాడినాడని నిట్టూర్చి ఊరకుందుము. నిజమునకు డ్రైవరు పని అప్పుడే మొదలగును. ఆ పని ఏ నాటినుండి ఎట్లు ఏర్పడినదో తెలిసికొనుటయే ఈ ప్రసంగము.

మొదట మార్గము మాట. నిజాము రాజ్యమున తొలి రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నడచెను. అచ్చటినుండి తూర్పునకు, మౌలాలి మీదుగా, ఓరుగల్లు వరకు 1886లోను, బెజవాడ వరకు 1889లోను పట్టాలు సాగెను. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగు 1871లో కనుగొన్న ఇల్లందు బొగ్గు త్రవ్వబడుట మొదలైనదియు ఆ 1889 ప్రాంతముననే. కావున ఈ మార్గము పుట్టుకలోనే బొగ్గు మసి యున్నదని చెప్పినచో తప్పు కాదు. 1929లో కాజీపేట, బల్హర్షాల నడుమ పట్టాలు పూర్తియై మద్రాసు, ఢిల్లీ నగరములకు సూటి త్రోవ ఏర్పడెను. నేడు ఆ త్రోవన పోవు బండ్లలో మనము పేర్లతో గుర్తుంచుకొనునవి ఎక్స్‌ప్రెస్సులు. గూడ్సుబండికి పేరుండదు. గేటు వద్ద నిలిచి పిల్లలు డబ్బాలు లెక్కపెట్టుటయే దానికి దక్కు గౌరవము.

ఆ లెక్క ఏబదియెనిమిది, ఏబదితొమ్మిది వరకు పోవును. బొగ్గు నింపిన అట్టి బండి బరువు సుమారు 5,000 టన్నులు. ఎడ్లబండికి టన్ను చొప్పున వేసికొన్నను ఐదువేల బండ్ల బరువు. పొడవు ఆరువందల మీటర్లకు పైబడి యుండును. ఇంత బరువును పట్టాపై నిలుపునది ఏది? చక్రమునకు లోపలి ప్రక్కన ఉండు అంచు. ఆ అంచు ఎత్తు అంగుళమునకు కొంచెము మాత్రమే ఎక్కువ. దానిని మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. షెడ్డులో చక్రమును చూచిన పిమ్మట నమ్మితిని.

ఆ అంచు పట్టాపై కెక్కుటకు కారణములు పెక్కు. ఎండకాలమున ఇనుము సాగి పట్టాలు పాము వలె వంకరపోవచ్చును. చలికాలపు తెల్లవారుజామున కుంచించుకొని పట్టా విరుగవచ్చును. ఇరుసు కొన వేడెక్కి కాలి తెగిపోవచ్చును. సరకు ఒక ప్రక్కకు ఒరిగి యుండవచ్చును. మన తెలుగు దేశమున వీనికి తోడు మరియొక కారణము కలదు, అది చెరువు. దానిని గూర్చి ముందు చెప్పెదను.

డ్రైవరు ముందు కూర్చుండును; ఆపద తరచుగా వెనుక పుట్టును. నలువదవ డబ్బా పట్టా తప్పినచో అది అర కిలోమీటరు దూరమున జరిగిన సంగతి. వానికి కనబడదు, చప్పుడును సరిగా వినబడదు. మరి తెలియుట ఎట్లు? వాని యెదుట ఒక గడియారము వంటిది కలదు. బ్రేకుగొట్టములోని గాలి ఒత్తిడిని దాని ముల్లు చూపుచుండును. సాధారణముగా అది చదరపు సెంటీమీటరునకు 5 కిలోల వద్ద నిలిచియుండును. డబ్బాలు విడిపోయి గొట్టము తెగిన క్షణమున గాలి బయటికి పోయి ముల్లు పడిపోవును. వెంటనే బండి పొడవునను బ్రేకులు తమంతట తాము పట్టుకొనును. డ్రైవరు ప్రాణము కాపాడు మొదటి మిత్రుడు ఈ ముల్లే.

ఈ యేర్పాటు ఊరక రాలేదు. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌసు 1869లో గాలిబ్రేకును కనిపెట్టెను. అయితే అందొక లోపముండెను: గొట్టము తెగినచో బ్రేకు పట్టుటకు మారుగా అసలే పనిచేయకుండ పోవును. 1872లో ఆయన దానిని తలక్రిందులు చేసెను. గాలి నిండియున్నప్పుడు బ్రేకు వదలియుండును, గాలి పోయినప్పుడు పట్టును. అనగా చెడిపోవుటయే ఆగిపోవుట. ఇంత చక్కని ఊహను లోకము వెంటనే ఒప్పుకొనినదా? లేదు. ఐర్లండులో ఆర్మా అను ఊరివద్ద 1889 జూను 12వ తేదీన ఒక విహారయాత్రా బండి ఎత్తు నెక్కలేక నిలిచిపోయెను. దానిని రెండుగా విడదీసి, వెనుక భాగపు చక్రములకు రాళ్లు ఆనించిరి, మనము బండిచక్రమునకు ఆనించినట్లే. ఇంజను కొంచెము వెనుకకు తగులగా రాళ్లు నలిగిపోయెను. పెట్టెలు పల్లమునకు దొర్లి వెనుక వచ్చుచున్న బండిని గ్రుద్దెను. ఎనుబదిమంది చనిపోయిరి, అందు బాలబాలికలు పెక్కురు. ఆ యేడే బ్రిటిషు శాసనసభ ప్రయాణికుల బండ్లకు తమంతట పట్టు బ్రేకులను నిర్బంధము చేసెను. మన దేశపు గూడ్సుబండ్లకు చాలకాలము వాక్యూము బ్రేకు లుండెను; గాలిబ్రేకులు గత శతాబ్దపు చివరి దశకములలో గాని వ్యాపింపలేదు.

ముల్లు పడినది. ఇప్పుడు డ్రైవరు చేతిలో రెండు మూడు క్షణములే యుండును. పల్లము దిగునపుడు నిండుబండి ఎద్దులను ముందునకు త్రోయుట మీరందరు ఎరిగినదే. తోలువాడు ఎద్దులను హఠాత్తుగా నిలిపినచో బండి వాని వీపుమీదికే వచ్చును. గూడ్సుబండియు నంతే. వెనుక డబ్బాలు ఇంకను త్రోయుచుండగా ముందు ఇంజనును బిగించి నిలిపినచో నడుమనున్న డబ్బాలు మడతపడి గుట్టలగును. అందుచేత ఇంజను బ్రేకును కొంచెము వదలి, బండిని సాగనిచ్చి నిలుపు నేర్పు కావలెను. ఇది పుస్తకమున నాలుగు పంక్తులు. చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును.

ఆవిరి ఇంజనుల కాలమున ఈ క్షణములో మరియొక ప్రశ్న యుండెడిది: దూకుటయా, నిలుచుటయా? ఇంజను ఒరిగినచో ముందు మండు నిప్పుగూడు, పైన సలసల కాగు నీటి బాయిలరు, వెనుక బొగ్గు కుప్ప. పడుటచే చచ్చినవారి సంగతి అటుండగా, ఆవిరిచే ఉడికి చచ్చినవారును కలరు. దూకినచో కంకర, స్తంభములు, వెనుక వచ్చు చక్రములు.

ఈ ప్రశ్నకు లోకమున మిక్కిలి పేరుగాంచిన ఉదాహరణము అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున జరిగినది. 1900 ఏప్రిలు 30వ తేదీ వేకువను వాన్ అను స్టేషనువద్ద ఒక గూడ్సుబండి తోక ప్రధాన మార్గమునకు అడ్డముగా మిగిలిపోయెను. వెనుకనుండి కేసీ జోన్సు అను డ్రైవరు ప్రయాణికుల బండిని వేగముగా తెచ్చుచుండెను. ఫైర్‌మన్ సిమ్ వెబ్బు దూకి బ్రతికెను. జోన్సు బ్రేకు విడువక నిలిచి, వేగమును తగ్గించి, తాను చనిపోయెను. ప్రయాణికులలో ఒక్కరును చనిపోలేదు. జోన్సు పేర పాటలు పుట్టెను. నేటికిని అమెరికాలో ఆయనను ఎరుగనివారు తక్కువ.

దూకినవాని కథ ఎవరికి కావలెను? నాకు మాత్రము అదియే ముఖ్యముగా తోచుచున్నది. గూడ్సుబండివారు జెండామనిషిని వెనుకకు పంపిరనియు, పట్టాపై ప్రేలు పటాసులను ఉంచిరనియు, జోన్సు ఆ గుర్తులను పాటింపలేదనియు రైలుసంస్థ విచారణలో తేల్చిరి. వెబ్బు మాత్రము తాము జెండామనిషిని చూడలేదు, పటాసు వినలేదు అని 1957లో తాను మరణించువరకు చెప్పుచునే యుండెను. ఎవరి మాట నిజమో నేడు తేల్చుట కుదరదు. కాని ఆ తగవంతయు దేనిని గూర్చి? ఆగిపోయిన బండివాడు, వచ్చుచున్న బండివానికి సమయమునకు హెచ్చరిక చేసెనా లేదా అనియే. ప్రాణముతో మిగిలిన డ్రైవరు పని అనగా ఇదియే.

ఆ పటాసును 1841లో ఎడ్వర్డు కౌపరు అను ఆంగ్లేయుడు పొగమంచు కాలమునకై కనిపెట్టెను. చిన్న రేకుబిళ్ల, లోపల మందు. పట్టాకు బిగింతురు, చక్రమెక్కగానే పెద్ద చప్పుడు చేయును. దీపము కనబడనిచోట చెవికి పనిచెప్పుట దాని ఉద్దేశము. నూట ఎనుబది ఏండ్లు దాటినను నేటికిని మన డ్రైవర్ల సంచిలో ఎఱ్ఱజెండాతో కూడ అది యుండును. మన బ్రాడ్‌గేజి మార్గములలోని నియమము ఇట్టిది: బండి ఆగినచోటునుండి 600 మీటర్ల దూరమున ఒక పటాసు, 1,200 మీటర్ల దూరమున పదేసి మీటర్ల ఎడముతో మూడు.

ఇందులోని తొందర ఎట్టిదో లెక్క వేసికొనుడు. జంట మార్గమున ఒక బండి పట్టాలు తప్పినచో డబ్బాలు ప్రక్క మార్గముపై పడును. ఆ ప్రక్క మార్గమున ఎదురుగా ఎక్స్‌ప్రెస్సు వచ్చుచుండవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండికి 1,200 మీటర్లు దాటుటకు పట్టునది 43 సెకండ్లు. దెబ్బతిన్న మనిషికి, చీకటిలో, కంకరమీద, అంత దూరము పరుగెత్తుటకు ఏడెనిమిది నిముషములైనను పట్టును. అందుచేత డ్రైవరు మొట్టమొదట చేయవలసినది తన గాయము చూచుకొనుట కాదు, ఇంజను ముందున్న పసుపు వెలుగు దీపమును మినుకుమినుకుమనునట్లు వెలిగించుట. ఎదుటి డ్రైవరు ఆ మినుకు దీపమును చూడగానే తన బండిని నిలుపవలెను. పిమ్మట వైర్‌లెస్సులో దగ్గరి స్టేషనుకు, గార్డుకు తెలుపుట. సహాయక డ్రైవరు ఎఱ్ఱజెండా, రాత్రియైనచో ఎఱ్ఱదీపము, పటాసులు తీసికొని ముందునకు పరుగెత్తుట. గార్డు, ఇప్పుడు 2022నుండి అతనికి ట్రెయిను మేనేజరను పేరు పెట్టిరి, బండి వెనుకదిక్కును కాపాడుట. డ్రైవరునకును లోకో పైలటని పేరు మారినది. పరుగు మాత్రము మారలేదు.

ఆ పరుగునకు వ్యవధి లేకపోయినచో ఏమగునో రెండు ఉదాహరణములు చాలును. 1998 నవంబరు 26న పంజాబులోని ఖన్నావద్ద పట్టా విరిగి ఒక మెయిలు బండి పెట్టెలు ప్రక్క మార్గముపై పడెను. కొలది నిముషములలో ఎదురుగా వచ్చిన ఎక్స్‌ప్రెస్సు వానిని ఢీకొనెను. రెండువందలమందికి పైగా మరణించిరి. 2010 మే 28న పశ్చిమ బెంగాలులో జ్ఞానేశ్వరీ ఎక్స్‌ప్రెస్సు పట్టాలు తప్పి ప్రక్కకు పడగా, ఎదురుగా వచ్చిన గూడ్సుబండి ఆ పెట్టెలలో దూరెను. నూట నలువదిమందికి పైగా పోయిరి. మొదటి ఆపదలో ఎందరు పోయెడివారో, రెండవ ఆపదవలన ఎందరు పోయిరో విడదీసి చెప్పుట కష్టము. కాని రెండవది ఆగియుండినచో చావులు మిక్కిలి తగ్గియుండునన్నది స్పష్టము.

ఇక మన ప్రాంతపు సంగతి. 2024 నవంబరు 12 రాత్రి పెద్దపల్లి, రామగుండముల నడుమ రాఘవాపురము వద్ద ఇనుప చుట్టలు మోయు గూడ్సుబండి పట్టాలు తప్పినది. పదకొండు డబ్బాలు ఒకదానిపై నొకటి పడెను. అచ్చటి మూడు మార్గములును చెడిపోయెను, విద్యుత్తు స్తంభములు ఒరిగెను. ఢిల్లీ, మద్రాసు మార్గము స్తంభించి పదులకొలది బండ్లు రద్దయ్యెను. ప్రాణనష్టము లేదు. ఇట్టి వార్త వచ్చినప్పుడు మనము రద్దయిన బండ్ల లెక్క చదువుదుము. మూడు మార్గములు అడ్డుపడిన చోట, రాత్రివేళ, మరియొక బండి వచ్చి తగులకుండుట యన్నది దానంతట అదియే జరుగు విషయము కాదని ఎందరికి తోచును?

అట్టిచోట తీగలనుగూర్చి ఒక మాట. మార్గముపై వ్రేలాడు తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉండును. తెగి పడిన తీగ చచ్చినదని తలంపరాదు. విద్యుత్తు నిలిపివేసితిమని అధికారి తెలుపువరకు డ్రైవరైనను దాని దగ్గరకు పోరాదు. ఊరివారు చప్పుడు విని సహాయమునకు పరుగెత్తి వత్తురు. వారిని దూరముగా నిలుపుటయు బ్రతికిన డ్రైవరు పనులలో ఒకటి. చమురు డబ్బాలైనచో మరింత జాగ్రత్త. మౌలాలి ప్రక్కన చర్లపల్లిలో చమురు నిలువ కేంద్రములు కలవు, కావున ఆ డబ్బాలు మన కళ్లయెదుటనే పోవుచుండును. కెనడాలో లాక్ మెగాంటిక్ అను ఊరిలో 2013 జూలై 6న చమురు బండి పట్టాలు తప్పి మండగా నలువదియేడుగురు ఆహుతియైరి. ఆ సమయమున ఇంజనులో డ్రైవరే లేడు. రాత్రి నిలిపి దిగిపోయిన బండి చేతిబ్రేకులు చాలక పల్లమునకు దొర్లెను. కంకరపై కారు చమురునకు బిందెలతో పోవువారు ఈ సంగతి వినవలసినది.

చెరువు మాట చెప్పెదనంటిని. తెలంగాణములో రైలుకట్టకు ఎగువన గొలుసుకట్టు చెరువులుండుట సామాన్యము. ఒకటి తెగినచో క్రిందిది తెగును. ఆ నీరంతయు రైలుకట్ట క్రింది చిన్న వంతెనకు వచ్చును. 1954 సెప్టెంబరులో జనగామ ప్రాంతమున వంతెన కూలి ప్రయాణికుల బండి వాగులో పడగా వందమందికి పైగా చనిపోయిరి. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండవద్ద చెరువు తెగి వంతెన కొట్టుకొనిపోయెను. చీకటిలో వచ్చిన డెల్టా ప్యాసింజరు అందులో పడి నూటపదిమందికి పైగా పోయిరి. చీకటిలో డ్రైవరునకు పట్టాలు కనబడును గాని వాని క్రింద నేల లేదన్న సంగతి కనబడదు. ఇంజను దీపము అందుకు పనికిరాదు.

వీనికి ఎదురుగా 2024 సెప్టెంబరు మొదటి తేదీని తలచుకొనవలెను. మానుకోట జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ, అనగా మౌలాలి మీదుగా పోవు ఈ మార్గముననే, కుంభవృష్టికి కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. బండ్లను స్టేషనులలో నిలిపివేసిరి. ఒక్క ప్రాణమును అచ్చట పట్టాలపై పోలేదు. కొన్ని దినములలో కట్టను తిరిగి పోసిరి. జరుగని ప్రమాదమునకు స్మారకములుండవు; ఆ రాత్రి ఇంజనులలో నిలిచిపోయిన డ్రైవర్లు మాత్రము దానిని మరువరని నా నమ్మకము.

తిరిగి మన డ్రైవరు దగ్గరకు వత్తము. ప్రక్క మార్గము కాపాడబడినది, సహాయబండి వచ్చినది, క్రేను పనిలో నున్నది. ఇప్పుడు వానికి రెండవ పరీక్ష. త్రాగియున్నాడేమో యని ఊపిరి పరీక్షింతురు. వేగమును నమోదు చేయు యంత్రమును ముద్రవేసి తీసికొందురు. పట్టా ఎచ్చట విరిగినది, చక్రపు గుర్తు స్లీపరుపై మొదట ఎచ్చట పడినది, ఆ డబ్బా అంచు ఎంత అరిగినది, అన్నియు కొలుతురు. పెద్ద ప్రమాదములైనచో రైల్వే భద్రతా కమిషనరు విచారించును. ఈ అధికారిని రైల్వేశాఖ క్రింద గాక వేరుగా నుంచుట 1941లో మొదలైనది. 1967నుండి ఆ కార్యాలయము పౌరవిమానయానశాఖ క్రింద నున్నది. తన తప్పును తానే విచారించుకొనువాడు న్యాయము చెప్పలేడన్న ఎరుక ఇందులో కలదు. ఆవిరి కాలమున పెక్కు ఇంజనులకు వేగము వ్రాయు యంత్రమే లేదు. డ్రైవరు మాటకు గార్డు మాట, గార్డు మాటకు గ్యాంగుమనుషుల మాట. సిమ్ వెబ్బువలె జీవితాంతము తన మాట తాను చెప్పుకొనుచు పోయినవారు మన దేశమునను ఉండియుందురు. యంత్రము కఠినమైనదే, కాని నిజము చెప్పు డ్రైవరునకు అది సాక్షి.

ఆ పరుగును యంత్రముచేతనే చేయింపవలెనను యత్నము మన సికింద్రాబాదు పరిసరములలోనే పెరిగినది. కవచ్ అను ఏర్పాటును లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గమున పరీక్షించిరి. 2016లో ప్రయాణికుల బండ్లపై ప్రయోగములు జరిగెను. 2020లో దానిని దేశమంతటికి అంగీకరించిరి. దక్షిణ మధ్య రైల్వేలో మొదటి విడతగా 1,465 కిలోమీటర్ల మార్గమున అమర్చిరి. ఆపదలో చిక్కిన డ్రైవరు ఒక మీట నొక్కినచో, చుట్టుపట్ల ఆ ఏర్పాటు గల ఇంజనులన్నియు రేడియో సంకేతమందుకొని తమంతట నిలుచును. 1874లో నిజాము తొలి రైలు వచ్చిన ఆ వాడి మార్గముననే ఇది జరుగుట తలచిన ముచ్చటగా నుండును.

అయినను దేశములోని అధిక భాగమున కవచ్ ఇంకను రావలసియున్నది. అంతవరకు ప్రతి ఇంజనులోను పటాసుల డబ్బా ఉండును. మీ ఊరి పొలిమేరలో నిలిచియున్న ఇంజను ముందు పసుపుదీపము మినుకుమినుకుమనుట ఎన్నడైన చూచినచో, అచ్చటినుండి ఒక మనిషి చేత ఎఱ్ఱదీపముతో పట్టాల వెంబడి పరుగెత్తుచున్నాడని తెలిసికొనుడు. వానికి త్రోవ విడిచి, ఎదుటి దిక్కునున్న గేటు కాపలావానికి కబురంపినచో, ఆ 1,200 మీటర్లలో కొంత భాగము మీరు పరుగెత్తినట్లే.